సీరియల్ చూస్తే కథ రాయడం రాదా?

కథలు రాసేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక సందేశం తెగ తిరుగుతోంది. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా గ్రూపుకి వచ్చింది, గుణుపురం స్నేహితులు పంపారు, బరంపురంలో చుట్టాలూ పంపారు. "కథకులు కావాలంటే ముందు టీవీ సీరియళ్లు మానండి" అన్నది అందులోని సారాంశం. ఐదు కారణాలు చూపించారు. సీరియల్లో సాగదీత తప్ప కథ ఉండదు. పాత్రలు అయితే దేవత, లేకపోతే రాక్షసి. ఆ మాటలు ఏ ఇంట్లోనూ ఎవరూ మాట్లాడరు. పేరున్న రచయితలెవరూ టీవీ గడప తొక్కలేదు. ఆ టైములో పుస్తకం చదువుకోవచ్చు.

చదివినవాళ్లంతా చప్పట్లు కొట్టే బొమ్మలు పెడుతున్నారు. నాకు మాత్రం బాధ కలిగింది. మా వైపు కొత్తగా కథలు రాస్తున్నవాళ్లలో చాలామంది నాకు తెలుసు. బడిలో ఒడియా చదువుకుని, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, సాయంత్రం అత్తమామలతో కలిసి సీరియల్ చూసే ఆడపిల్లలు వాళ్లు. ఇదే మీ అనర్హత అని వాళ్లకి చెప్పడం అన్యాయం, పైగా తప్పు.

ముందు నాలుగో కారణం తేల్చేద్దాం, ఎందుకంటే అది శుద్ధ అబద్ధం. 1984 జూలై 7న దూరదర్శన్లో మొదలైన 'హమ్ లోగ్' రాసింది మనోహర్ శ్యామ్ జోషి. ఆయన హిందీ నవలాకారుడు, 2005లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందినవాడు. దేశమంతా ఆదివారం పూట పనులు మానుకుని చూసిన 'మహాభారత్'కి మాటలు రాసింది రాహీ మాసూమ్ రజా. తన సొంత ఊరి ముస్లిం కుటుంబాల బతుకు మీద 1966లోనే నవల వేసిన రచయిత. హిందీ రచయిత భీష్మ్ సాహ్నీ తన దేశవిభజన నవల టీవీకి ఎక్కినప్పుడు అందులో వేషం కూడా వేశారు.

'హమ్ లోగ్' సంగతి కథకులు ఇంకొంచెం తెలుసుకోవాలి. మెక్సికో సీరియళ్లను చూసి, కుటుంబ నియంత్రణ ప్రచారం కోసం మొదలుపెట్టిన సీరియల్ అది. మొదటి పదమూడు ఎపిసోడ్లలో ప్రచారం పాలు ఎక్కువైంది, జనానికి పట్టలేదు. ప్రచారం తగ్గించి ఇంటి గొడవలు, పెళ్లి బెంగలు, తాగుబోతు తండ్రి చేతగానితనం ముందుకు తెచ్చాక ఆ ఇంటివాళ్లు దేశానికి చుట్టాలైపోయారు. ఉత్తరాలు లక్షల్లో వచ్చాయి. సందేశం ముందు అనుకుని దానికి తగ్గట్టు మనుషుల్ని తయారుచేసే కథలు మనకి వారపత్రికల పోటీలకి ఇప్పటికీ కుప్పలుగా వస్తున్నాయి. అలా రాసేవాళ్లకి ఇంతకంటే పనికొచ్చే పాఠం ఏ కథా శిబిరంలోనూ దొరకదు.

ఇక సాగదీత. ఉంది, కాదనను. అది ఎందుకుందో కూడా చూడాలి కదా. రోజువారీ సీరియల్ బతుకు ప్రకటనల మీద. వారం వారం రేటింగులు వస్తాయి. నడుస్తున్న కథని ముగించే ధైర్యం ఛానల్‌కి ఉండదు. కాబట్టి ముగియాల్సిన కథ ముగియదు. అది వ్యాపారం అవసరం. ఆ అవసరం లేని కథకుడు దాన్ని నేర్చుకోనక్కర్లేదు. అయితే ముగియని కథతో రోజూ అదే మనిషిని అదే సోఫా ముందు కూర్చోబెట్టడానికి వాళ్లు చేసే పనితనం ఒకటుంది. అది మాత్రం నేర్చుకోవాల్సిందే.

మా మేనత్తగారింట్లో చూసిన ఒక ఘట్టం చెప్తాను. ఇంట్లో హారం పోయింది. తీసింది చిన్నకోడలు. తీస్తుండగా పెద్దకోడలు చూసింది, కానీ చూసినట్టు చిన్నకోడలికి తెలీదు. అత్తగారికి అసలు హారం పోయిన సంగతే తెలీదు. ఆవిడ సోఫాలో కూర్చుని, "రేపు వ్రతానికి ఆ హారం తీసి పెట్టమ్మా" అంది పెద్దకోడలితో. కాఫీ తెస్తున్న చిన్నకోడలు గుమ్మం దగ్గర ఆగిపోయింది. పెద్దకోడలు ఒక్క క్షణం ఊరుకుని, "అలాగే అత్తయ్యా" అంది.

వంటింట్లో బెండకాయలు తరుగుతున్న మా అత్త కత్తిపీట మీద నుంచే కేకేసింది: "అలాగే అనీసిందేటే! ఇప్పుడేటి సేస్తాదది?" పక్కింటి ఒడియా మావుసికి తెలుగు సగం సగమే వచ్చు. ఆవిడ కూడా చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రెండే మాటలు, రెండూ మామూలు మాటలు. అరుపు లేదు, ఏడుపు లేదు. ఆ ఉద్వేగం ఎక్కడిదంటే, ఎవరికి ఏం తెలుసు, ఎవరికి ఏం తెలీదు అన్న పంపకం నుంచి వచ్చింది. చూసేవాళ్లకి మొత్తం తెలుసు. పాత్రలకి తలో ముక్క తెలుసు. అందుకే వ్రతం మాట కూడా గుచ్చుకుంది.

మన కొత్త కథల్లో జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు. పాత్రలందరికీ అన్నీ తెలుసు, ఒక్క పాఠకుడికి తప్ప. భార్య మూడు పేజీలు మొగుడితో కబుర్లు చెప్తుంది, చివరి వాక్యంలో ఆ మొగుడు ఏడాది కిందటే పోయాడని తెలుస్తుంది. కొసమెరుపు అంటారు దీన్ని. ఒకసారి ఉలిక్కిపడతాం, రెండోసారి చదవడానికి ఏమీ మిగలదు. అదే కథలో మొగుడు పోయాడని మొదటి పేరాలోనే మనకి చెప్పేసి, ఊరి నుంచి వచ్చిన అతని ముసలి తల్లికి మాత్రం ఇంకా చెప్పలేదనుకోండి. "వాడికి కూర ఉంచేవా" అని ఆవిడ అడిగిన మాటకి ఎంత బరువొస్తుందో చూడండి. సీరియల్ రచయితలకి ఇది వెన్నతో పెట్టిన విద్య.

బ్రేక్ ఎక్కడ ఇచ్చారో కూడా చూడాలి. పెద్దకోడలు తాళాలగుత్తితో బీరువా ముందు నిలబడింది, అక్కడ ఆపేశారు. మా అత్త పొయ్యి ఆపి వచ్చి హాల్లో నిలబడింది. అంతకుముందు వేరే ఎపిసోడ్లో హీరో మీదకి లారీ వస్తుండగా ఆపినప్పుడు మాత్రం ఆవిడ నింపాదిగా అన్నం వార్చుకుంది. "ఆడికేటీ అవదులే" అంది. లారీ ఆపద, బీరువా నిర్ణయం. ఆపదలో హీరో చావడని ఎవరికైనా తెలుసు. నిర్ణయం ఎటు పోతుందో ఆ మనిషికే తెలీదు. అధ్యాయం ఎక్కడ ఆపాలో నాకు ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చూపించలేదు. సాగదీత పాఠం కూడా అక్కడే ఉంది. ఒకే మొహాన్ని మూడుసార్లు ఉరుము శబ్దంతో చూపించినప్పుడు ఆవిడ లేచి కూరలో ఉప్పు చూసొస్తుంది. పాఠకుడు అలా లేచిపోయే చోట్లు మన కథల్లో ఎన్నున్నాయో వెతుక్కోవాలి.

పాత్రలు దేవతలు, రాక్షసులు అన్న మాట చాలా సీరియళ్ల విషయంలో నిజమే. కానీ చూసేవాళ్లు వాటిని అలా వదలరు. "దానికి మాత్రం పుట్టింటోళ్లెవలున్నారు, అందుకే అలగైపోయింది" అని చెడ్డ కోడలి తరఫున వాదించే అమ్మలక్కలు మా వీధిలో ఉన్నారు. సీరియల్ వదిలేసిన మనిషిని వాళ్లు పూర్తిచేస్తున్నారు. వాళ్ల పక్కన కూర్చుని వినడం కంటే కథకుడికి మంచి చోటేముంది?

మాటల సంగతి. సీరియల్ మాటలు కృత్రిమం అన్నారు. దానికీ కారణం ఉంది. సీరియల్ని సగంమంది వంటింట్లోంచి చెవులతో చూస్తారు. అందుకే ప్రతి మాటలో పేరు పిలుస్తారు, మనసులో ఉన్నది పైకి అనేస్తారు: "అర్జున్, నువ్వు నన్ను మోసం చేశావు!" కాగితం మీద పాఠకుడి కళ్లు అక్షరం మీదే ఉంటాయి కాబట్టి మనకి ఆ పని లేదు. ఈ తేడా తెలిసినవాళ్లు తమ కథలోంచి అలాంటి వాక్యాలు ఏరి పారేయగలరు. తెలీనివాళ్లు సీరియల్ చూడకపోయినా అవే రాస్తారు. మా అత్త కొడుకు ఇల్లు అమ్మేసినట్టు బయటివాళ్ల ద్వారా తెలిసినప్పుడు ఆవిడ మోసం అన్న మాటే ఎత్తలేదు. "ఇన్నేళ్లు నీకూడా ఉన్నాను కదరా, ఒక్క ముక్క నాతో సెప్పకపోయావా" అంది. ఆ గదిలో టీవీ కూడా మోగుతోంది. రెండు రకాల మాటలూ ఒకే గదిలో, ఒకే పూట చెవిన పడే అదృష్టం మాది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. జనం నోట ఉన్న తెలుగే రాతలోకి రావాలని పోరాడిన ఆయన, సవర గిరిజనుల భాషని సవరల నోట విని నేర్చుకున్నారు. వినడంతో మొదలవ్వాలని చెప్పడానికి మాకు వేరే ఉదాహరణ అక్కర్లేదు.

పుస్తకాలు చదవమన్నది మంచి మాట. చదవకుండా కథకులు కారు, అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. అయితే పుస్తకం చేతిలో ఉన్నవాళ్లకి చెప్పే మాట అది. 1936లో మా ప్రాంతం ఒడిశాలో కలిసింది. తెలుగు కథల పుస్తకం కావాలంటే శ్రీకాకుళమో విశాఖో వెళ్లేవాళ్ల చేత తెప్పించుకుంటాం. కాళీపట్నం రామారావుగారు 1997లో పెట్టిన కథానిలయం శ్రీకాకుళంలో ఉంది, వీలైనవాళ్లు తప్పకుండా వెళ్లాలి. వెళ్లలేని కోడలుపిల్ల ఎదురుగా రోజూ అరగంట సీరియల్ ఉంది. ఆ అరగంటని ఆమె చేతిలోంచి లాక్కోకండి.

ఆమెకి నేను చెప్పేది ఇది. ఇష్టమైన ఎపిసోడ్ ఒకటి ఫోన్‌లో పెట్టుకుని రెండుసార్లు చూడమ్మా. ఒకసారి శబ్దం తీసేసి చూడు, ఎవరు ఎవరి వైపు చూడటం లేదో తెలుస్తుంది. రెండోసారి కాగితం మీద పాత్రల పేర్లు వరసగా రాసి, ఎవరికి ఏం తెలుసో పక్కన రాయి. తర్వాత నీ కథకి కూడా అదే చెయ్యి. అందరికీ అన్నీ తెలిసిపోయిన సన్నివేశం కనిపిస్తే ముందు దాన్ని తిరగరాయి.