తాళం వేసిన కంప్యూటర్ గది
మా అమ్మాయి ఎనిమిదో తరగతి. మొన్న కంప్యూటర్ పరీక్షకి కీబోర్డు బొమ్మ గీసుకుంటూ, సీపీయూ అంటే ఏమిటో బట్టీ పట్టింది. "ఎప్పుడైనా మౌస్ పట్టుకున్నావా తల్లీ?" అంటే, "లేదు నాన్నా, ల్యాబ్‌కి తాళం వేసి ఉంటుంది" అంది. ప్రాణం ఉసూరుమంది.

2020 జాతీయ విద్యా విధానం మిడిల్ స్టేజ్, అంటే ఆరో తరగతి నుంచే కోడింగ్ నేర్పాలంది. ఇంగ్లండ్‌లో 2014 నుంచి ఐదేళ్ల పిల్లలకే కంప్యూటింగ్ ఉంది. మన దగ్గరా తప్పనిసరి చేయాల్సిందే, కానీ ముందు టీచర్ని వేయండి, ఆ తాళం తీయండి! ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ఎలాగోలా నేర్చుకుంటారు. మా పిల్లలకి ఆ గదే దిక్కు. రేపు ఇంజనీరింగ్‌లో చేరాలంటే ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ కంప్యూటర్ మీదే రాయాలి. మా అమ్మాయి మొదటిసారి మౌస్ పట్టుకునేది ఆ పరీక్ష హాల్లోనా?