పోలింగ్ మర్నాడు

ఓటు వేయరన్న నింద నల్లగొండ మీద చెల్లదు. ఈ జిల్లాలోని మునుగోడులో 2022 అసెంబ్లీ ఉప ఎన్నికలో 93 శాతం పోలింగ్ నమోదైంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్ నియోజకవర్గం 50 శాతమైనా దాటలేదు, నల్లగొండ 74 శాతం చేరింది. పొరుగున ఉన్న పాలమూరు వలస కూలీలు ముంబై, పుణె నుంచి రాత్రంతా బస్సుల్లో కూర్చొని, కూలి పోగొట్టుకుని మరీ వచ్చి ఓటేసి వెళ్తారు.

మా బాధంతా పోలింగ్ మర్నాటి గురించే. చాలా ఊళ్లలో గ్రామసభ అంటే పంచాయతీ ఆఫీసు ముందు ఓ టెంటు, సగం ఖాళీ ప్లాస్టిక్ కుర్చీలు. కనిపించేది అంగన్‌వాడీ టీచర్, ఆశా కార్యకర్త, అటుగా పోతూ ఆగిన నలుగురు ముసలివాళ్లు. సాయంత్రానికి పంచాయతీ లెక్కలు చూసే కారోబార్ రిజిస్టర్ చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాడు. గడపలో నిలబడే సంతకం పెట్టేస్తారు. పైన ఏ తీర్మానం రాశారో ఎవరూ చదవరు. 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి సభ పెట్టమంది. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల గడువు ముగిశాక దాదాపు రెండేళ్లు ఊళ్లు ప్రత్యేకాధికారుల చేతుల్లో ఉన్నా అదేమని గట్టిగా అడిగిన ఊళ్లు తక్కువే.

నల్లగొండ జిల్లాకు అడగడం రాదా? ఫ్లోరైడ్ నీళ్లు తాగి పిల్లల కాళ్లు వంకర్లు పోతుంటే, 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఇక్కడ 480 మంది బరిలో నిలిచారు. వారిలో చాలామందికి గెలుపు లెక్కే కాదు, తమ ఊరి నీళ్ల గోడు ఢిల్లీకి వినపడితే చాలు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయ్యి పోలింగే వాయిదా పడింది. అదే ఏడాది లోక్‌సభ అభ్యర్థులు కట్టే డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు.

ఇప్పుడు ఆ గొంతుకు ఓటుకిచ్చే డబ్బుల కవరు అడ్డం పడుతోంది. మోరీ (మురుగు కాలువ) తీయించమని అడిగితే ‘పైసలు తీసుకునే కదా ఓటేసింది’ అని నాయకులు ముఖం మీదే అనేస్తున్నారు. తీసుకోనివాళ్లు కూడా ఆ మాట పడుతున్నారు. మాకు అన్నిటికన్నా నొప్పిగా ఉన్నది అదే.

తప్పంతా జనానిదే అనలేం. నాట్ల రోజుల్లో పొద్దున పదకొండింటికి సభ పెడితే పొలం కూలీలు ఎట్లా వస్తారు? సభ సాయంత్రం పెట్టాలి. ముందురోజే డప్పు చాటింపు వేయించాలి. ఏ పనికి ఎంత బిల్లు ఎత్తారో పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయాలి. పోలింగ్ రోజు ఎండలో గంటలకొద్దీ లైన్లో నిలబడ్డవాళ్లు ఆ గోడ ముందు పది నిమిషాలు ఆగి, లెక్క తేలకపోతే సభలో లేచి అడగాలి.