మనవాడు ఫ్రీగా చేసిపెడతాడు

రేషన్ కార్డులో ఇంటి పెద్ద ఎవరు, వయసెంత, గ్యాస్ ఉందా లేదా అని ఇన్ని రాసుకుంటారు కదా, వాటి పక్కనే 'ఈ కుటుంబంలో వీడియోలు మార్చి పెట్టేది ఎవరు' అనే గడి కూడా ఒకటి పెట్టాలని ప్రభుత్వానికి సవినయంగా మనవి చేసుకుంటున్నాను. జీతం అడగడం లేదు, పెన్షన్ అసలే అడగడం లేదు. పేరు రాసుకుంటే చాలు. రేపు మాకేమైనా అయితే మా లాప్‌టాప్‌లో సగం మారి ఆగిపోయిన పెళ్లిళ్లు ఎవరివో కనీసం తెలుస్తుంది.

ఈ ఉద్యోగం నాకెలా వచ్చిందో చెప్పాలి. నేను చేసేది ఎరువుల డీలర్ దగ్గర లెక్కలు రాయడం. పదేళ్ల కిందట మేనకోడలి స్కూల్ డాన్స్ వీడియో ఫోన్‌లో అడ్డంగా పడుకుని వస్తుంటే దాన్ని నిలబెట్టి ఇచ్చాను, అంతే. ఆ రోజు నుంచి 'మనవాడు వీడియోలు చేస్తాడు' అన్న మాట మా బంధువుల్లో పాకిపోయింది, సంబంధం కుదిరిన కబురంత వేగంగా కాదు, చెడిపోయిన కబురంత వేగంగా.

ఈ వేసవిలో పెద్దమ్మ మూడు డీవీడీలు పట్టుకొచ్చింది. 2004లో జరిగిన మా అక్క పెళ్లి. ఒకటి పెట్టెలో ఉంది, ఒకటి శుభలేఖ కవర్లో ఉంది, మూడోది ఇన్నేళ్లుగా అగరుబత్తి స్టాండు కింద బూడిద పడకుండా పళ్లెంలా సేవ చేస్తోంది. "అల్లుడుగారు డల్లాస్‌లో టీవీలో చూసుకుంటారంటరా. ఒక్క బటన్ నొక్కితే అయిపోతుందంటగా. వంటశాల దగ్గర తీసిన ముక్క మాత్రం బాగా రావాలి నాన్నా, మిగతాది ఎట్టా ఉన్నా పర్లేదు" అంది. భోజనాల మీద ఆవిడకున్న అభిమానం అనుకున్నాను. నా తెలివి అంతవరకే.

మూడో డిస్కు ముందు నన్ను గుర్తు పట్టనన్నది. పాడైన డిస్కుల నుంచి డేటా లాగడానికి డీడీరెస్క్యూ అని ఒక ప్రోగ్రామ్ ఉంది, గ్నూ అనే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు వాళ్లది. అది చీటీల వసూలుకు తిరిగే మనిషి లాంటిది. తలుపు తీసిన ఇళ్లన్నీ ముందు చకచకా చుట్టేస్తుంది, తీయని ఇళ్లను ఒక ఫైల్‌లో రాసి పెట్టుకుని ఆ తర్వాత తీరిగ్గా వాటి మీదకు మళ్లీ మళ్లీ వెళ్తుంది. ఒక రాత్రి, ఒక పగలు తిరిగి అప్పగింతల్లో ఒక నిమిషం తప్ప అంతా రాబట్టింది. ఆ ఒక్క నిమిషం కోసం అక్క ఫోన్లో ఏడ్చింది, అప్పగింతల్లో ఏడ్చిన దానికన్నా ఎక్కువ.

ఇక అసలు పని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ది. వీడియోలను ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మార్చేది, 2000లో ఫాబ్రిస్ బెల్లార్ అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్, ఆ ముందు రెండు ఎఫ్‌లకూ ఫాస్ట్ ఫార్వర్డ్ అని అర్థం. వీఎల్‌సీ ప్లేయర్ నుంచి యూట్యూబ్ దాకా అందరూ దీని మీద ఆధారపడి బతుకుతున్నవాళ్లే. 2021లో అంగారకుడి మీద పర్సీవరెన్స్ రోవర్ దిగినప్పుడు, దిగుతుండగా తీసిన వీడియోల సంగతి అక్కడే చూసుకున్నదీ ఇదే. అంత ఘన చరిత్ర ఉన్నదానికి ఒక కిటికీ లేదు, ఒక బటన్ లేదు, ఒక బొమ్మ లేదు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు జలజలా కారుతుంటే పెదనాన్న వెనక నుంచి చూసి "వైరస్ ఎక్కిందేంట్రా" అన్నాడు.

దీనికి పంతులుగారికున్నంత పట్టింపు. ఏది ముందు చెప్పాలో అదే ముందు చెప్పాలి. 'ఫలానా నిమిషం నుంచి మొదలుపెట్టు' అన్న మాట ఫైల్ పేరుకు ముందు రాస్తే ఒక ఫలితం, తర్వాత రాస్తే ఇంకో ఫలితం. జీలకర్ర బెల్లం కాకుండా తలంబ్రాలు పోస్తే ఊరుకుంటారా మరి? పైగా మధ్యమధ్య పసుపు రంగులో ఏవో హెచ్చరికలు గొణుగుతుంది. పెళ్లిలో పెద్దవాళ్లు అన్నీ తప్పే అంటూ గొణుగుతుంటారే, పని మాత్రం ఆగదు, సరిగ్గా అలా.

నాణ్యత కోసం సీఆర్‌ఎఫ్ అని ఒక అంకె ఇవ్వాలి. మామూలుగా 23 ఉంటుంది, 51 దాకా వెళ్లొచ్చు. అది మార్కుల మీద పగ పట్టిన ఎవరో పెట్టిన పద్ధతి, అంకె పెరిగేకొద్దీ బొమ్మ చెడిపోతుంది. పెదనాన్న రిటైర్డ్ హెడ్‌మాస్టారు. "23 ఏంట్రా, 35 వస్తేగానీ పాస్ కాదు, 51 పెట్టు" అని పట్టుబట్టాడు. పెట్టాను. పెళ్లికూతురి ముఖం నీళ్లలో నానిన రంగుల ముగ్గులా వచ్చింది. ఆ తర్వాత ఆయన సాంకేతిక సలహాలు మానేసి నైతిక సలహాలకు మళ్లాడు.

బావ మాత్రం డల్లాస్ నుంచి "బామ్మర్దీ, ది బెస్ట్ క్వాలిటీ పెట్టు" అన్నాడు. దానికీ ఒక మార్గం ఉంది. వీడియోను కుదించి రాసే ఎక్స్264 అనే ఎన్‌కోడర్‌లో వేగాన్ని బట్టి కొన్ని ప్రీసెట్లు, అంటే ముందే సిద్ధం చేసిన అమరికలు, ఉంటాయి, అన్నిటికన్నా నెమ్మదైన దాని పేరు ప్లాసిబో. తయారుచేసిన వాళ్లే పంచదార మాత్ర అని పేరు పెట్టి ముందే చెప్పేశారు: రాత్రంతా మిషన్ తిరుగుతుంది, కంటికి తేడా ఏమీ ఉండదు అని. అదే పెట్టాను. లాప్‌టాప్ ఫ్యాన్ మోతకు పక్కింటివాళ్లు రైస్ మిల్లు పెట్టారా అన్నారు. రాత్రంతా తిరిగింది బావా అని చెబితే, "అదీ, ఇప్పుడు క్లారిటీ వచ్చింది" అన్నాడు, ఫైల్ తెరవకుండానే.

మరి ఆ దువ్వెన గీతల సంగతో! మన పాత టీవీ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు, కానీ ఒక్కో ఫ్రేమ్ రెండు సగాలు. సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి తీసినవి. పాత టీవీకి అది అలవాటే. కొత్త టీవీలో మాత్రం ఎవరైనా చెయ్యి ఊపితే అంచులకు దువ్వెన పళ్లు మొలుస్తాయి. దాన్ని సరిచేసే ఫిల్టర్ పేరు యాడిఫ్. అంటే 'ఇదిగో ఇంకో డీఇంటర్‌లేసింగ్ ఫిల్టర్' అనే విసుగును కుదించి పెట్టిన పేరు. పేరు పెట్టడంలో ఇంత నిజాయితీ నేను మా ఊరి టిఫిన్ సెంటర్ల బోర్డుల మీద కూడా చూడలేదు.

గీతలు పోయాయి, పట్టీలు వచ్చాయి. పాత వీడియో 4:3, కొత్త టీవీ 16:9, అటూ ఇటూ నల్లగా ఉండిపోతుంది. "డబ్బులు పెట్టి అంత పెద్ద టీవీ కొంటే పక్కన ఈ నల్ల గోడలేంటి" అన్నాడు బావ. సాగదీశాను. అక్క ఫోన్ చేసి నేను అప్పుడు 48 కేజీలు తెలుసా అంది. సాగదీయడం మాని పైనా కిందా కోశాను. బావ బాసికం ఎగిరిపోయింది. చివరికి నల్ల గోడలే ఉంచి, సినిమా వాళ్ల స్టైల్ అని చెప్పాను.

ఇంగ్లిష్‌లో ఫ్రీ అంటే రెండర్థాలని, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లాగా ఎవరైనా వాడుకుని మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు నలభై ఏళ్లుగా వివరణ ఇచ్చుకుంటున్నారు పాపం. తెలుగులో ఆ బాధ లేదు. స్వేచ్ఛ వేరు, ఉచితం వేరు, ఎవరూ కలగలపరు. నా పరిశీలనలో తేలిందేమిటంటే ఈ సాఫ్ట్‌వేర్ వల్ల స్వేచ్ఛ ప్రోగ్రామ్‌కి దక్కింది, ఉచితం నాకు దక్కింది.

నా ఒక్కడి బాధే అనుకుని కుమిలిపోయేవాణ్ణి. తర్వాత తెలిసింది, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ రాసేవాళ్లకూ ఇదే గతి అని. 2024లో మైక్రోసాఫ్ట్ మనిషి ఒకరు మా ప్రొడక్ట్‌లో సమస్య వచ్చింది, అర్జెంటు అని ఈ స్వచ్ఛంద కార్యకర్తల బగ్ జాబితాలో రాసి పెట్టాడు. సపోర్ట్ కాంట్రాక్ట్ రాసుకుందామా అంటే, కొన్ని వేల డాలర్లు ఒకసారికి ఇస్తామన్నారట. ఆ మాట ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వాళ్లే బయటపెట్టారు. 2025లో గూగుల్ వాళ్ల కృత్రిమ మేధ దీంట్లో ఒక లోపం పట్టుకుంది. ఎక్కడా అంటే, 1995 నాటి ఒక వీడియో గేమ్ ఫైళ్లను చదివే మూల గదిలో! లోపం చూపించారు, బాగు చేయడం వీళ్ల వంతు అన్నారు. భద్రత ముఖ్యమే, కాదనను. కానీ విందులో పప్పులో ఉప్పు తగ్గిందని వంటశాల దాకా వచ్చి చెప్పి, గరిటె మాత్రం ముట్టుకోని మేనమామ గుర్తొచ్చాడు నాకు. ఆ మేనమామకు ఊళ్లో మూడు రైస్ మిల్లులు కూడా ఉన్నాయి.

పేర్లు వేయడం దగ్గర కాస్త పరువు పోయింది. మొదట్లో 'శ్రీరస్తు శుభమస్తు' అని పడాలి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో అక్షరాలు రాసే ఫిల్టర్ ఒకటి ఉంది, నా దగ్గరున్న పాత వెర్షన్‌లో దానికి మన ఒత్తులు రావు. శ విడిగా, దాని నెత్తిన పొల్లు, ర పక్కన ఎవరో తెలియని వాళ్లలా నిలబడ్డాయి. మంగళప్రదమైన మాట ముక్కలైందని పెద్దమ్మ దిష్టి తీసింది, లాప్‌టాప్‌కి. తర్వాత ఆ మాటనే సబ్‌టైటిల్ ఫైల్‌లో రాసి ఇంకో దారిలో అతికిస్తే ఒత్తులన్నీ బుద్ధిగా కింద కూర్చున్నాయి.

అప్పుడొచ్చింది పెదనాన్న నైతిక సలహా. బాబాయితో స్థలం గొడవ కోర్టులో ఉంది కాబట్టి వాడు ఈ వీడియోలో కనపడకూడదు. మళ్లీ రాత్రంతా మిల్లు ఆడించే ఓపిక నాకు లేదు, లాస్‌లెస్‌కట్ అనే దాంతో ఉన్నది ఉన్నట్టు కోసేద్దామనుకున్నాను. ఇక్కడ ఒక మెలిక ఉంది. వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు, కొన్నే పూర్తివి, మిగతావి వాటితో పోలిస్తే ఏం మారిందో రాసుకున్న చిట్టాలు. తిరిగి రాయకుండా కోస్తే, అతుకు తర్వాతి ముక్క ఆ పూర్తి బొమ్మ దగ్గరే మొదలవ్వాలి. ఎక్స్264 మామూలుగా షాట్ మారకపోతే 250 ఫ్రేముల దాకా ఇంకో పూర్తి బొమ్మ పెట్టదు, అంటే పది సెకన్లు. వంటశాల గుమ్మం దగ్గర ఒకే షాట్‌లో బాబాయి ఉన్నాడు. మూడు నిమిషాలు కోస్తే చివర్లో ఏడు సెకన్లు మిగిలాడు. చెయ్యి, భుజం, సగం మీసం. "ఏడు సెకన్లు కూడా తియ్యలేవా, ఏం నేర్చుకున్నావ్ నువ్వు" అని పెదనాన్న రెండు రోజులు మాట్లాడలేదు. హార్డ్ డిస్క్ నిండిపోయి అసలు ఫైళ్లు తీసేశాను. ఇక డీవీడీలతో పనేముందని ఆయన వాటిని పెరట్లో సపోటా చెట్టుకు కట్టాడు, పిట్టలు రాకుండా.

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32, అందులో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, ఆ గోల వదిలేస్తున్నాను.

ఆదివారం అందరం కూర్చుని చూశాం. తాళి కట్టడం వచ్చింది, పెద్దమ్మ చూడలేదు. తలంబ్రాలు, చూడలేదు. వంటశాల రాగానే కుర్చీ ముందుకు జరిగింది. "ఏదీ, ఇక్కడ ముందుది ఏదిరా?" అంది. కోసేశామని చెప్పాను. ఎవరు కొయ్యమన్నారంది. పెదనాన్న పేపర్ పైకెత్తాడు. అప్పుడు బయటపడింది: బావ కాళ్లు కడిగిన వెండి చెంబు ఆ రోజు పోయిందట, ఇరవై ఏళ్లుగా ఆవిడకు ఒకే ఒక అనుమానం, దానికి సాక్ష్యం ఈ షాట్. నేను కోసిన మూడు నిమిషాల్లో అది ఉంది. మిగిలిన ఏడు సెకన్లలో బాబాయి చెయ్యి ఉంది, ఆ చేతిలో తెల్లగా ఏదో ఉంది.

ఎంపీవీ అనే వీడియో ప్లేయర్‌లో పెట్టాను. చుక్క కొడితే ఒక ఫ్రేమ్ ముందుకు, కామా కొడితే ఒకటి వెనక్కి. గంటన్నర కొట్టాను. "పెద్దది చెయ్యి" అంటుంది, చేస్తాను. మొత్తం బొమ్మకే ఉన్నది 576 గీతలు, అందులో ఆ తెల్లటిది పదిహేను గీతలు. అది చెంబో, గ్లాసో, వీడియో లైటు పడ్డ వాచీనో తేలడం లేదు. "సినిమాల్లో పోలీసులు నంబర్ ప్లేటు కూడా చదువుతారు కదరా" అంది పెద్దమ్మ. బాబాయిని వచ్చే ఆదివారం పెద్దమనుషుల ముందుకు రమ్మని కబురు పెట్టారు. నన్ను లాప్‌టాప్, చార్జర్, వీలైతే పెద్ద స్క్రీన్ తెచ్చుకోమన్నారు.