గ్రేస్ హాపర్ గారి బద్ధకంపై ఒక ఫిర్యాదు

లెక్కల పరువు మంటగలిపినవాళ్లలో అమెరికా కంప్యూటర్ నిపుణురాలు గ్రేస్ హాపర్ గారిది ముందువరస. పువ్వు పుట్టగానే పరిమళించింది: ఏడో ఏట ఇంట్లోని ఏడు అలారం గడియారాలు విప్పేసింది. తల్లి నాలుగు తగిలించకపోగా, ఇకమీదట ఒక్కటే విప్పుకోమంది. పెంపకం అలా ఏడ్చింది.

1934లో యేల్‌లో గణితంలో పీహెచ్‌డీ చేసి, వాసర్ కాలేజీలో పాఠాలు చెప్పుకునే మనిషి. రెండో ప్రపంచయుద్ధంలో నౌకాదళ రిజర్వులో చేరింది. 1944లో హార్వర్డ్ పంపారు. అక్కడ హోవార్డ్ ఐకెన్ గారు రూపొందించిన మార్క్ 1 కంప్యూటర్: 51 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు, సెకనుకు మూడు కూడికలు. గుణకారానికి 6 సెకన్లు, భాగహారానికి 15 పైచిలుకు. ఆదేశాలన్నీ కాగితపు టేపు మీద కన్నాలు. ఒకే పని మళ్లీ మళ్లీ చేయించాలంటే టేపు కొసలు రెండూ కలిపి అంటించాలి. కన్నం ఒకటి పక్కకి పడితే ఆ రాత్రికి నిద్ర లేనట్టే. ఎంత పవిత్రమైన శ్రమ!

అక్కడే ఆవిడ బుద్ధి దారి తప్పింది. ఒకసారి సరిగ్గా నడిచిన ఆదేశాల ముక్కల్ని అందరూ నోటుపుస్తకాల్లో దాచుకుని, అవసరమైనప్పుడు చూసి రాసుకునేవారు. ఆ ముక్కల్లో వరుస సంఖ్యలు, అంటే యంత్రం జ్ఞాపకంలోని చిరునామాలు, సున్నా నుంచి ఉంటాయి. కొత్త ప్రోగ్రాంలో పెట్టాలంటే ప్రతి చిరునామాకీ కొంత కూడాలి. ప్రోగ్రామర్లకు కూడిక రాదు. చూసి రాయడమూ రాదు: 4 కాస్తా డెల్టా (ఖాళీకి వాళ్లు వాడే గుర్తు) అయ్యేది, బి కాస్తా 13 అయ్యేది. పరువుగల గణితవేత్త అయితే వాళ్లకి చూచిరాత దిద్దించేది. ఈవిడ 1952లో యూనివాక్ అనే కంప్యూటర్ కోసం ఏ-0 అనే ప్రోగ్రాం కట్టింది. ముక్కలన్నీ టేపు మీద ఉంటాయి, ఒక్కోదానికి ఒక పిలుపు సంఖ్య. సంఖ్యలు చెబితే చాలు, యంత్రమే వెతికి, చిరునామాలు సవరించి, వరుసగా కూర్చుకుంటుంది. ఇప్పటి లెక్కన అది ముక్కల్ని కలిపే లింకర్, వాటిని యంత్రం జ్ఞాపకంలోకి ఎక్కించే లోడర్ చేసే పనే. ఆవిడ మాత్రం కంపైలర్ అంది; ఇప్పుడా మాటకి అర్థం, మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చేది. యంత్రం లెక్కలే చేస్తుంది, ప్రోగ్రాములు రాయదని పెద్దలు మొత్తుకున్నా వినలేదు. కంచే చేను మేసింది.

తర్వాత గుమస్తాల కోసం ఇంగ్లీషు మాటలతో ఫ్లో-మ్యాటిక్ అనే ప్రోగ్రామింగ్ భాష. అదే ప్రోగ్రామును ఫ్రెంచిలో, జర్మన్‌లో కూడా రాసి చూపిస్తే, పెన్సిల్వేనియాలో తయారైన అమెరికా యంత్రానికి ఆ భాషలెలా వస్తాయని పైవాళ్లు బెదిరిపోయారట. న్యాయమే కదా, మన ఊరి ఎద్దును ఫ్రెంచిలో అదిలిస్తే కదులుతుందా?

ఆ ఫ్లో-మ్యాటిక్ పోలికలే 1959లో మొదలైన కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాషకు వచ్చాయి. వాక్యం అన్నాక చివర చుక్క ఉండాలి. "శాశ్వత ఉద్యోగి అయితే కరువు భత్యం కలుపు" దగ్గర చుక్క మరిచారనుకోండి, కింద ఉన్న "జీతం చెక్కు రాయి" కూడా ఆ షరతులోకి దూరిపోతుంది. తాత్కాలిక ఉద్యోగులకు చెక్కు ఉండదు, కంపైలర్ కిమ్మనదు. అప్పట్లో ప్రోగ్రాం రాసే కన్నాల కార్డుకు వరసకి 80 గడులు; చుక్క పెట్టినా 73వ గడిలో పడితే పెట్టనట్టే. రాత 72 వరకే ఉండేది, ఆపైవి కార్డుల గుర్తింపుకి.

తర్వాతి కంప్యూటర్ మార్క్ 2లో, ఒక రిలేలో (విద్యుత్తుతో నడిచే స్విచ్చు) దొరికిన రెక్కల పురుగు కీర్తి కూడా ఆవిడ ఖాతాలోకే పోయింది. 1947లో దాన్ని పట్టింది ఆవిడ కాదు, యంత్రంలో తప్పుకి "బగ్" అన్న మాటా అప్పటికే పాతది.

ఇక రెండంకెల సంవత్సరం, అంటే 1965ని 65 అని రాయడం. 80 గడుల కార్డులో చోటు మిగుల్చుకోవాలన్న ఆ పిసినారితనం ఆవిడది కాదు, అయినా ఫిర్యాదులో చేరుస్తున్నాం. 1965లో పుట్టినవాడి వయసు 2000లో 00లోంచి 65 తీసేస్తే మైనస్ 65. మైనస్ గుర్తుకు చోటు లేని గడిలో అది రాలిపోయి 65 మిగులుతుంది. ముప్పై అయిదేళ్ల వాడికి పింఛను! ఆవిడ మాత్రం 79 ఏళ్ల వరకు, అంటే 1986 దాకా, నౌకాదళం వదల్లేదు.

ఆ గడులు సరిచేయడానికే కదా మనవాళ్లు అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని విమానాలెక్కింది. కాబట్టి ఈ ఫిర్యాదుకు సంతకాలు కావాలంటే, అమీర్‌పేట వదిలేసి ఇంకెక్కడైనా వెతుక్కోవాలి.