అంతరిక్ష కేంద్రం కట్టే వరసను తేల్చేది కరెంటే

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నిర్మాణం అనగానే అందరి దృష్టీ డాకింగ్ (నౌకలు, ముక్కలు ఒకదానికొకటి అతుక్కోవడం) మీదకే పోతుంది. నిజానికి 1998 నవంబరులో జర్యా అనే తొలి మాడ్యూల్ (కేంద్రంలో ఒక ముక్క) ఎగిరింది మొదలు, 2009 మార్చిలో చివరి జత సౌర రెక్కలు విచ్చుకునే దాకా ఏ ముక్క ముందు వెళ్లాలి, ఏది ఆగాలి అన్నది ఎక్కువగా కరెంటు లెక్కే నిర్ణయించింది. ఇల్లు పూర్తయ్యాక మీటరు పెట్టించుకున్నట్టు ఇక్కడ కుదరదు. సగం కట్టిన కేంద్రం కూడా ఆ రోజుకు పూర్తిస్థాయి వ్యోమనౌకే. దానికి వేడి, చల్లదనం, దిశానియంత్రణ, రేడియో అన్నీ నడవాలి. మోసుకొచ్చిన స్పేస్ షటిల్ నౌక నుంచి కొత్త ముక్కకు వచ్చే కరెంటు తీగ ఊడదీసిన క్షణం నుంచే గడియారం నడుస్తుంది. కొన్ని గంటల్లో హీటర్లకు కరెంటు అందకపోతే లోపలి పరికరాలు గడ్డకట్టి పాడవుతాయి.

ముందు లెక్క చూద్దాం. కేంద్రం సుమారు 92 నిమిషాలకు భూమిని ఒకసారి చుట్టివస్తుంది. అందులో 36 నిమిషాల దాకా భూమి నీడలోనే గడుస్తుంది. అంటే ఎండ ఉన్న కాసేపట్లోనే కేంద్రాన్ని నడపాలి, రాబోయే చీకటికి బ్యాటరీలూ నింపాలి. ఎండలో పుట్టే కరెంటులో దాదాపు 60 శాతం బ్యాటరీలకే పోతుంది. 8 పాత రెక్కల్లో ఒక్కొక్కటి సుమారు 34 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు. అన్నిటిలో కలిపి 2,62,400 సౌర ఘటాలు. ఇంతా చేసి వాడకానికి మిగిలేది 84 నుంచి 120 కిలోవాట్లు. బ్యాటరీలు ఏడాదికి 5,600కు పైగా సార్లు నిండి ఖాళీ అవుతాయి. అందుకే మొదటి నికెల్-హైడ్రోజన్ బ్యాటరీలను సుమారు మూడోవంతుకు మించి ఖాళీ కానిచ్చేవారు కాదు. అలాంటివి 48 ఉన్న చోట 2021 ఫిబ్రవరికల్లా 24 లిథియం-అయాన్ బ్యాటరీలు వచ్చి చేరాయి.

ఇక అసలు వివాదం: ప్రతి మాడ్యూలూ తన రెక్కలు తానే తెచ్చుకోవాలా, అన్నిటికీ కలిపి ఒకే విద్యుత్ వెన్నెముక ఉండాలా? అంతకు ముందరి రష్యా అంతరిక్ష కేంద్రం మీర్ మొదటి దారిలో పెరిగింది. ఒక మాడ్యూల్ నీడ ఇంకో మాడ్యూల్ రెక్క మీద పడేది. తీగలు తెరిచిన తలుపుల గుండా పోయేవి. 1997 జూన్ 25న ప్రోగ్రెస్ సరుకు నౌక స్పెక్త్ర్ మాడ్యూల్‌ను ఢీకొట్టి గాలి కారిపోతుంటే, తలుపు మూయడానికి ఆ తీగలే అడ్డొచ్చాయి. సిబ్బంది కొన్నిటిని ఊడదీసి, కొన్నిటిని కోసి మూశారు. దాంతో స్పెక్త్ర్ రెక్కలతో కరెంటు సంబంధం తెగిపోయి కేంద్రం దాదాపు సగం కరెంటు పోగొట్టుకుంది. మూసిన తలుపులోంచే కరెంటు రప్పించడానికి కనెక్టర్లు బిగించిన ప్రత్యేక మూతను ఆగస్టులో అమర్చాల్సి వచ్చింది. తలుపుకు అడ్డంగా తీగ వేయడం ఎప్పుడూ తాత్కాలికం అనే మొదలవుతుంది, ఏళ్లు గడిచినా అలాగే ఉండిపోతుంది.

అంతర్జాతీయ కేంద్రం రెండో దారి పట్టింది: 109 మీటర్ల ట్రస్ (లోహపు దూలం లాంటి చట్రం), దాని కొసల్లో రెక్కలు. కానీ ట్రస్ పూర్తయ్యేదాకా ప్రయోగశాల ఆగదు కదా. అందుకని ట్రస్ ఎడమ కొసలో ఉండాల్సిన పీ6 అనే రెక్కల ముక్కను 2000 డిసెంబరులో నడిమధ్య జెడ్1 అనే చట్రం మీద తాత్కాలికంగా నిలబెట్టారు. ఆ తాత్కాలికం ఏడేళ్లు సాగింది. 2006 డిసెంబరులో శాశ్వత వైరింగ్‌కు మారడానికి కేంద్రంలో సగాన్ని ఆర్పి ఒక స్పేస్‌వాక్, మిగతా సగాన్ని ఆర్పి ఇంకో స్పేస్‌వాక్ చేశారు. పక్కనే వచ్చిన పీ4 అనే ఇంకో ముక్క రెక్కలు తిరగాలంటే పీ6 రెక్క ఒకటి ముడుచుకోవాలి. విప్పడానికి తయారైన, దుప్పటిలా మడతపడే ఆ రెక్క ఆరేళ్ల తర్వాత మడత పడనని మొండికేసింది. గైడ్ వైర్లు రంధ్రాల్లో చిక్కుకుంటే వ్యోమగాములు చేత్తో కదిలించి ముడుచుకునేలా చేశారు. 2007 అక్టోబరులో పీ6ను అసలు చోటికి చేర్చి మళ్లీ విప్పుతుంటే అదే రెక్క చిరిగింది. ఎండ తగిలినంతసేపూ దాన్ని ఆర్పే స్విచ్ లేదు. వ్యోమగామి స్కాట్ పారజిన్‌స్కీ పొడవాటి బూమ్ కొసన నిలబడి, ఇన్సులేషన్ టేపు చుట్టిన పనిముట్లతో చిక్కుకున్న తీగ కోసి, కేంద్రంలోనే తయారు చేసుకున్న పట్టీలతో కుట్టాడు. సాహసం గొప్పదే, కాదనను. కానీ ఆ అవసరం పుట్టింది నిర్మాణ క్రమంలోంచే.

కదిలే భాగాలది ఇంకో కథ. రెక్కలను సూర్యుడి వైపు తిప్పే కుడి వైపు పెద్ద కీలులో అదే 2007లో లోహపు రజను బయటపడింది. కందెన చాలక రోలర్లు ఉక్కు వలయాన్ని గీకేశాయి. మరుసటి ఏడాది రోలర్ యూనిట్లు మార్చి, గ్రీజు పూసి దారికి తెచ్చారు. 2012లో ప్రధాన స్విచింగ్ పెట్టె మార్చేటప్పుడు ఒక్క బోల్టు బిగుసుకుని 8 గంటల స్పేస్‌వాక్‌ను వృథా చేసింది. అలాంటి పెట్టెలు నాలుగే, ఒక్కోదాని మీద రెండు విద్యుత్ ఛానళ్లు (రెక్కల నుంచి కరెంటు తెచ్చే దారులు) ఆధారపడతాయి. చివరికి టూత్‌బ్రష్‌తో చేసుకున్న పనిముట్టుతో మరలోని లోహపు పొడి శుభ్రం చేశాక గానీ సెప్టెంబరు 5న బోల్టు దిగలేదు.

చైనా అంతరిక్ష కేంద్రం టియాంగాంగ్ మధ్యేమార్గం ఎంచుకుంది. 2022లో చేరిన వెన్‌టియన్, మెంగ్‌టియన్ ప్రయోగశాలలు పెద్ద రెక్కలను తమ వెలుపలి కొసల్లోనే మోసుకొచ్చాయి. నీడ తక్కువ, స్పేస్‌వాక్‌లో బిగించాల్సిన ట్రస్ ముక్కలు అసలే లేవు. మూడు ముక్కల కేంద్రానికి ఇది సరైన నిర్ణయమే. మాడ్యూళ్లు పెరుగుతూ పోతే అంత తేలిక కాదు.

ఒక్క విషయంలో మాత్రం ట్రస్ పద్ధతి తన ఖర్చును రాబట్టుకుంది. పాత రెక్కలు నీరసించాక 2021 నుంచి 2023 వరకు చుట్టగా వెళ్లి విచ్చుకునే ఆరు కొత్త రెక్కలను వాటి ముందే అమర్చారు. ఒక్కొక్కటి 20 కిలోవాట్లకు పైగా ఇస్తుంది. ఉన్న 160 వోల్టుల ఛానళ్లకు, ఉన్న కీళ్ల మీదుగానే కలిపారు. కనెక్టర్లు బిగించే పనిని మాత్రం కేంద్రం భూమి నీడలో ఉన్న నిమిషాలకే కుదించారు. ఎండలో ఆ తీగల్లో కరెంటు ఉంటుంది కాబట్టి.