‘ఎవరి పోటుకు చచ్చాడో తేలకపోతే అందరూ బయటికే’: ఈ ఫార్వర్డ్‌లో నిజమెంత?

హైదరాబాద్‌లో నలుగురైదుగురు కలిసి ఒకణ్ణి నరికారని టీవీలో రాగానే ఈ మెసేజ్ మళ్లీ లేస్తుంది: ‘గుంపుగా చంపితే ఎవరి పోటుకు చచ్చాడో తేల్చలేరు. రవ్వంత అనుమానం మిగిలినా అందరినీ వదిలేయాలి. సాక్షి అడ్డం తిరిగితే కేసు ఖతం. వీడియో ఉంటే సాక్షులే అక్కర్లేదు.’

1. ఎవరి పోటు అన్నది. ప్రాణం తీసిన పోటు ఎవరిదో విడిగా తేల్చి తీరాలని చట్టం అడగదు. ఉమ్మడి ఉద్దేశం రుజువైతే చేతులు పట్టుకున్నవాడూ పొడిచినవాడూ ఒకటే. పాత ఐపీసీ సెక్షన్ 34 అదే, 2024 జులై 1 నుంచి జరిగిన నేరాలకు బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 3(5). దీనికి ఇద్దరున్నా చాలు. ఐదుగురికి తగ్గకుండా ఉండి, చట్టవిరుద్ధ గుంపుగా ఒకే లక్ష్యంతో చేస్తే అందరినీ బాధ్యుల్ని చేసేది పాత 149, ఇప్పటి 190. కలకత్తాలో ఒక పోస్టుమాస్టర్ హత్యలో ‘నేను బయట నిలబడ్డానంతే’ అన్న ముద్దాయి వాదనను ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో ఆఖరి అప్పీలు కోర్టు) 1924లోనే కొట్టేసింది.

చిక్కొచ్చేది తలల లెక్కలో. ఛార్జిలో సరిగ్గా ఐదు పేర్లే రాసి, విచారణలో ఇద్దరు విడుదలైతే మిగిలింది ముగ్గురు. అక్కడ 149 కూలిపోతుంది. ‘మరికొందరు గుర్తు తెలియనివారు’ కూడా ఉన్నారని ఛార్జిలో ఉండి, సాక్ష్యమూ అదే చెబితే నిలుస్తుంది. లేకపోయినా, సాక్ష్యం సరిపోతే ఆ ముగ్గురికీ 34 కింద శిక్ష వేయొచ్చని సుప్రీంకోర్టు మోహన్ సింగ్ కేసులో 1962లోనే చెప్పింది.

2. రవ్వంత అనుమానం. అనుమానానికి కారణం ఉండాలి, అదీ రికార్డులో కనిపించాలి. పైగా ఎవరి లెక్క వారిదే: ఏ6కి (ఆరో నిందితుడికి) సంశయలాభం దక్కితే ఏ1కి (మొదటి నిందితుడికి) దానంతటదే దక్కదు. అసలు ఏ6లు ఎందుకు బయటపడతారో పోస్టుమార్టం రిపోర్టు పక్కన పెట్టుకుని చూస్తే అర్థమవుతుంది. ఎనిమిది మందీ కత్తులతో నరికారని సాక్షి అంటాడు. ఒంటి మీద కోత గాయాలు రెండే, మిగతావి గీరుడు గాయాలు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ముద్దాయిల లాయరు మొదటి ప్రశ్న, ‘మిగతా ఆరు కత్తులూ ఎక్కడ తగిలాయి?’ ఎవరి చేతిలో ఏ ఆయుధం, ఒంట్లో ఏ భాగం మీద దెబ్బ అని సాక్షులు ముందు నుంచీ ఒకే మాట చెబుతున్న ముద్దాయిల వరకు కేసు నిలుస్తుంది. ‘అందరూ కొట్టారు’ అన్న టోకు మాట మీద తగిలించిన పేర్లు రాలిపోతాయి. అల్లరి మూకల కేసుల్లో ఒక్కో ముద్దాయిని కనీసం ఇద్దరు ముగ్గురు సాక్షులు నిలకడగా చెబితేనే శిక్ష వేయడం మంచిదని మసాల్టీ కేసులో 1964లో సుప్రీంకోర్టు చెప్పిన జాగ్రత్త సూత్రం ఇందుకే.

గుంటూరు జిల్లా చుండూరులో 1991లో జరిగిన దళితుల ఊచకోత సంగతి తెలిసిందే. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైదరాబాద్‌లోని అప్పటి ఏపీ హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు కొట్టారన్నది రుజువు కాలేదంది. ఆ తీర్పుతో మీరు ఏకీభవించకపోవచ్చు (కేసు సుప్రీంకోర్టుకూ వెళ్లింది), కానీ గుంపు కేసు ఎక్కడ దెబ్బతింటుందో చూపించింది.

3. సాక్షి అడ్డం తిరగడం. హాస్టైల్ అయినంత మాత్రాన ఆ వాంగ్మూలం మొత్తం చెత్తబుట్టలో పడదు. నమ్మదగిన ముక్క వాడుకోవచ్చు. అయితే మేజిస్ట్రేట్ ముందు ఇచ్చిన 164 స్టేట్‌మెంట్ (పాత సీఆర్పీసీ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ 183) ఒక్కటే పట్టుకుని శిక్ష వేయలేరు. బోనులో చెప్పిందే సాక్ష్యం.

4. వీడియో. భారతీయ సాక్ష్య అధినియం (పాత ఎవిడెన్స్ చట్టం స్థానంలో వచ్చింది) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. మొదటి భాగం పరికరం ఎవరి చేతిలో ఉందో వాళ్లు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి, హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకెలు-అక్షరాల గుర్తు) రాయాలి. చేతులు మారి వచ్చిన వాట్సాప్ క్లిప్‌కి మొదటి ఫోన్ దొరక్క ఇబ్బంది పడేది ఇక్కడే. సర్టిఫికెట్ ఉన్నా, తెరమీద మనిషి ఏ3 అని ఎవరో ఒకరు గుర్తుపట్టి చెప్పాలి. సాక్షికి ముందు పరిచయం లేని ముద్దాయిలైతే జైల్లో మేజిస్ట్రేట్ ముందు గుర్తింపు పరేడ్ పెడతారు, పోలికలున్న వేరేవాళ్లను మధ్యలో కలిపి నిలబెట్టి. ప్రెస్‌మీట్లలో నిందితుల ముఖాలకు ముసుగులేసేది దీనికే. ఆ ముఖం అప్పటికే ఫోన్‌లో చూసి ఉంటే పరేడ్‌లో గుర్తుపట్టినా విలువుండదు. ఇంకా, సందు మూల దుకాణంలో సీసీ కెమెరా డీవీఆర్ (రికార్డు చేసే పెట్టె) పదిహేను రోజులకో నెలకో పాతదాని మీదే రాసేసుకుంటుంది, ఈలోపు దాన్ని సీజ్ చేయకపోతే ఆ ఫుటేజీ పోయినట్టే.