డైకాంబా పక్క చేలోకి పోతే తప్పంతా రైతుదేనా?

రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ బాగా తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "అమెరికాలో సోయా మీద డైకాంబా గడ్డి మందు కొడితే పక్క చేలు పాడయ్యాయని గోల చేశారు. తప్పు మందుది కాదు, లేబుల్ చదవని రైతులది. గాలి లేని సాయంత్రం కొడితే చుక్క కూడా గట్టు దాటదు. ఆకు ముడుచుకున్నంత మాత్రాన దిగుబడి తగ్గదు. పక్క రైతు కూడా అదే విత్తనం వేసుకుంటే గొడవే లేదు. పర్యావరణవాదులు కోర్టుకెక్కి మంచి మందును ఆపించారు."

వ్యవసాయం బాగా తెలిసినవాళ్లు కూడా దీన్ని నమ్మి పంపుతున్నారు. ఇందులో కొంత నిజం కలిసి ఉంది, అందుకే నమ్మబుద్ధేస్తుంది. మిగతాదంతా తప్పు. ఆ సాయంత్రం సలహా అయితే పాటించినవాడి పక్క చేను నాశనమయ్యేంత తప్పు.

ముందు అసలు కథ కొంచెం చెప్పాలి. డైకాంబా 1960ల నుంచి ఉన్న మందే. వెడల్పాకు మొక్కల్ని చంపుతుంది. సోయా కూడా వెడల్పాకు పంటే కాబట్టి, మొలిచిన సోయా మీద దాన్ని కొట్టే ప్రశ్నే ఉండేది కాదు. ఈలోగా అమెరికా చేలలో పామర్ అమరాంత్ అనే కలుపు గ్లైఫోసేట్ అనే గడ్డి మందుకు లొంగడం మానేసింది. అది మన తోటకూర జాతిదే, కాకపోతే మనిషి ఎత్తు దాటి పెరుగుతుంది. దానికి విరుగుడుగా డైకాంబాను తట్టుకునే జన్యుమార్పిడి సోయా విత్తనాన్ని మోన్‌శాంటో అనే అమెరికా కంపెనీ 2016లో అమ్మకానికి పెట్టింది. ఆ పంట మీద కొట్టడానికి తయారు చేసిన కొత్త రకం మందుకు మాత్రం అప్పటికి అనుమతి రాలేదు. విత్తనం చేతికొచ్చింది, మందు రాలేదు.

"లేబుల్ చదవని రైతుల తప్పు"

2016 సీజన్ మటుకైతే ఇందులో నిజం ఉంది. మిస్సోరి, ఆర్కాన్సా రాష్ట్రాల్లో కొందరు పాత రకం డైకాంబాను నిబంధనలకు విరుద్ధంగా కొట్టారు. పక్క చేలు దెబ్బతిన్నాయి. ఆ రెండు రాష్ట్రాల సరిహద్దులో ఈ మందు గొడవలోనే ఒక రైతు తుపాకీ కాల్పులకు చనిపోయాడు కూడా.

2017 సంగతి వేరు. అప్పటికి కొత్త రకం మందులు అనుమతితో, లేబుల్‌తో సహా వచ్చేశాయి. అయినా ఆ సీజన్ చివరికి దేశవ్యాప్తంగా 2,700కు పైగా ఫిర్యాదులు విచారణలో ఉన్నాయి. దెబ్బతిన్న సోయా సుమారు 36 లక్షల ఎకరాలని మిస్సోరి విశ్వవిద్యాలయ కలుపు శాస్త్రవేత్త కెవిన్ బ్రాడ్లీ లెక్క తేల్చారు. కొట్టేవాళ్లు సరిగ్గా కొట్టకపోవడమే ప్రధాన కారణమని కంపెనీ అప్పుడు చెప్పింది. ఇప్పుడు మన ఫోన్లలో తిరుగుతున్నది ఆ మాటే.

సరే, అదే నిజమనుకుందాం. అప్పుడు శిక్షణ ఇచ్చి నిబంధనలు బిగిస్తే నష్టం ఆగిపోవాలి కదా. బిగించారు. గాలి వేగం గంటకు 10 మైళ్లు దాటితే కొట్టకూడదన్నారు. ప్రత్యేక శిక్షణ తప్పనిసరి చేశారు, ప్రతి పిచికారీకీ రికార్డు రాయమన్నారు. తర్వాత సర్టిఫికెట్ ఉన్నవాళ్లే మందును ముట్టుకోవాలన్నారు. బూమ్ (నాజిళ్లు బిగించే అడ్డ కడ్డీ) ఎత్తు పైరు మీద రెండు అడుగులు దాటకూడదు, నాజిల్ పెద్ద చుక్కలు పడేదే ఉండాలి. 2020 చివర్లో ఇంకా గట్టి షరతులొచ్చాయి: గాలి వాలు వైపు 240 అడుగుల జాగా వదలాలి, ఆవిరిని తగ్గించే పదార్థం ట్యాంకులో కలిపి తీరాలి, జూన్ 30 తర్వాత సోయా మీద కొట్టనే కూడదు.

ఇన్ని చేశాక 2021 సీజన్లో ఏమైంది? అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఈపీఏకు దాదాపు 3,500 ఫిర్యాదులొచ్చాయి. డైకాంబాను తట్టుకోలేని సోయా పది లక్షల ఎకరాలకు పైగా దెబ్బతిన్నట్టు వాటిలో ఉంది. ఈ మందుకు అనుమతిచ్చిన సంస్థే ఈ లెక్క బయటపెట్టింది. అన్ని వేల మంది శిక్షణ పొంది, సర్టిఫికెట్ తీసుకుని, రికార్డు రాసి మరీ నిర్లక్ష్యం చేశారని ఎలా అనగలం?

"చుక్క గట్టు దాటదు"

అసలు పొరపాటు ఇక్కడే ఉంది. పక్క చేలోకి పోయేది చుక్క ఒక్కటే అనుకుంటున్నారు. మందు రెండు దారుల్లో పోతుంది. కొడుతున్నప్పుడే గాలికి కొట్టుకుపోయే సన్న చుక్కలు మొదటి దారి. నాజిల్ మార్చి, బూమ్ దించి, గాలి చూసుకుని దాన్ని చాలావరకు ఆపొచ్చు. రెండోది ఆవిరి. మందు సరిగ్గా మన చేలోనే పడుతుంది, ఆకు మీద, మట్టి మీద ఆరిపోతుంది, రైతు ఇంటికి వెళ్లిపోతాడు. ఆ తర్వాత అది ఆవిరై లేస్తుంది. మర్నాడూ లేస్తుంది, ఆ మర్నాడూ లేస్తుంది. కొట్టిన రోజు గాలి ఉత్తరం నుంచి వీచిందని చూసుకుని కొట్టినవాడికి, రెండు రోజుల తర్వాత గాలి ఎటు తిరుగుతుందో ఎవరు చెప్పగలరు?

ఆర్కాన్సా విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని చాలా సులువైన పద్ధతిలో చూపించారు. మందు కొట్టే ముందు పక్కనున్న కొన్ని సోయా మొక్కల మీద బకెట్లు బోర్లించారు. కొట్టడం అయిపోయి, గాలిలో చుక్కలు కిందికి దిగాక బకెట్లు తీసేశారు. ఒక్క చుక్క కూడా తగలని ఆ మొక్కల ఆకులు కూడా తర్వాత ముడుచుకున్నాయి. ఆ ఆకును దగ్గరగా చూడాలి. అంచులు పైకి లేచి దొప్పలా అవుతుంది, కొస తెల్లగా పాలిపోతుంది. లేత ఆకులకే ఇలా అవుతుంది. ముదురు ఆకులు మామూలుగానే ఉంటాయి. కొట్టిన మర్నాడు ఏమీ కనబడదు. వారం నుంచి మూడు వారాల్లో బయటపడుతుంది. అప్పటికి ఎవరి చేలోంచి వచ్చిందో తేల్చడం కష్టం, పరిహారం అడగడం ఇంకా కష్టం.

ఎంత మందు చాలు? డైకాంబా మోతాదు ఎకరానికి అర పౌను, అంటే సుమారు 225 గ్రాములు. తట్టుకోలేని సోయాలో ఆ మోతాదులో 20 వేల వంతుకే లక్షణాలు కనిపిస్తాయి. లెక్క వేస్తే ఎకరానికి 11 మిల్లీగ్రాములు. లేబుల్ ఎంత శ్రద్ధగా చదివినా, లేచే ఆవిరిలో 11 మిల్లీగ్రాములు పట్టుకుని ఆపగలిగే రైతు లేడు.

ట్యాంకులో ఏం కలిపారన్నది కూడా ముఖ్యమే. నీళ్లు పులుపెక్కితే, అంటే పీహెచ్ 5 కంటే తగ్గితే, డైకాంబా ఆవిరయ్యే గుణం పెరుగుతుంది. గ్లైఫోసేట్‌తో అమ్మోనియం సల్ఫేట్ కలపడం అక్కడి రైతులకు ఏళ్లుగా అలవాటు. డైకాంబాతో అది కలిపినా ఆవిరి పెరుగుతుంది. లేబుల్‌లో దాన్ని నిషేధించింది అందుకే.

"గాలి లేని సాయంత్రం కొట్టండి"

దయచేసి ఈ ముక్కను ఎవరికీ పంపకండి.

సాయంత్రం నేల త్వరగా చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది, పైన వెచ్చటి గాలి మూతలా పరుచుకుంటుంది. దీన్నే ఇన్వర్షన్ అంటారు. పొద్దుగూకే వేళ ఊరి చివర చెత్త కాలిస్తే పొగ పైకి లేవకుండా నేలకు సమాంతరంగా పరుచుకుని చాలా దూరం పోవడం చూసే ఉంటారు. ఆ సమయంలో సన్న చుక్కలైనా, ఆవిరైనా పైకి పోయి చెదిరిపోవు. గుంపుగా నేలను పట్టుకుని, చిన్న గాలి కదలికకు పల్లం వైపు జారిపోతాయి. గాలి లేదని మనం అనుకునే సమయమే డైకాంబాకు అన్నిటికంటే చెడ్డ సమయం.

అమెరికా నిబంధనల్లో గాలికి పై పరిమితే కాదు, కింది పరిమితి కూడా ఉంది: గంటకు 3 మైళ్ల కంటే తక్కువ గాలి ఉంటే కొట్టకూడదు. 2018లో సమయం కూడా కట్టడి చేశారు. సూర్యోదయమైన గంట తర్వాత మొదలుపెట్టి, సూర్యాస్తమయానికి రెండు గంటల ముందే ఆపేయాలి. మెసేజ్‌లో ఇచ్చిన సలహా, లేబుల్ చదవమని చెప్పే ఆ మెసేజే ఇచ్చిన సలహా, లేబుల్‌కు పూర్తిగా వ్యతిరేకం.

"ఆకు ముడుచుకుంటే దిగుబడి తగ్గదు"

సగం నిజం. పూత రాకముందు కొద్దిగా సోకితే సోయా చాలాసార్లు కోలుకుంటుంది. పూత మీదున్నప్పుడు సోకితే, పదే పదే సోకితే దిగుబడి పోతుంది. అదీ సోయా సంగతి మాత్రమే. టమాటా, ద్రాక్ష, పీచ్ తోటల సంగతి ఎవరూ చెప్పరు.

"పక్క రైతూ అదే విత్తనం వేసుకుంటే సరి"

పీచ్ తోట వేసినవాడు ఏ విత్తనం వేసుకోవాలి? మిస్సోరిలో ఒక పీచ్ తోట యజమాని ఈ నష్టం మీదే కోర్టుకు వెళ్లాడు. 2020 ఫిబ్రవరిలో జ్యూరీ 26.5 కోట్ల డాలర్లు ఇవ్వమంది. జడ్జి ఆ మొత్తాన్ని బాగా తగ్గించారు. శిక్షగా విధించిన భాగం మీద మళ్లీ విచారణ జరపాలని 2022లో పై కోర్టు చెప్పింది. కానీ విత్తనం, మందు అమ్మిన కంపెనీల బాధ్యత ఉందన్న తీర్పు నిలిచింది.

సోయా రైతులు చాలామంది పక్కవాడి మందు తమ పంటను చంపుతుందన్న భయంతోనే ఆ విత్తనం కొన్నారు. నచ్చి కొనడం, భయపడి కొనడం రెండూ ఒకటి కావు. అందరూ అదే విత్తనం వేసి అదే మందు కొడితే ఇంకో చిక్కు ఉంది. డైకాంబాకు కూడా చావని పామర్ అమరాంత్ టెనెస్సీ రాష్ట్రంలో ఇప్పటికే బయటపడింది.

"పర్యావరణవాదులు ఆపించారు"

2020 జూన్‌లో డైకాంబా అనుమతులను కొట్టేసిన కేసులో మొదటి పిటిషనర్ నేషనల్ ఫ్యామిలీ ఫార్మ్ కొయలిషన్, అంటే రైతు సంఘాల కూటమి. పర్యావరణ సంస్థలు కూడా కలిశాయి, కాదనను. కోర్టు అన్నదేమిటంటే, ఈపీఏ నష్టాన్ని తక్కువ చేసి చూపింది, లేబుల్ పాటించడం ఎంత కష్టమో చూడలేదు, పల్లెల్లో రైతుకూ రైతుకూ మధ్య సంబంధాలు తెగిపోతున్న సంగతి లెక్కలోకే తీసుకోలేదు. ఆ ఏడాది చివర్లో ఈపీఏ కొత్త షరతులతో మళ్లీ ఇచ్చిన అనుమతులను 2024 ఫిబ్రవరిలో అరిజోనా ఫెడరల్ కోర్టు కొట్టేసింది. ఈసారి కారణం, ప్రజల అభిప్రాయం అడగాల్సిన పద్ధతిని ఈపీఏ పాటించకపోవడం. మందును శాశ్వతంగా ఎవరూ నిషేధించలేదు. 2025 జూలైలో ఈపీఏ మళ్లీ అనుమతి ప్రతిపాదించింది. అందులో తేదీ గడువు బదులు ఎండను బట్టి షరతులు పెట్టింది: 95 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 35 డిగ్రీలు చేరితే కొట్టకూడదు. ఎండ పెరిగితే ఆవిరి పెరుగుతుందన్న సంగతి ఆ షరతులోనే ఒప్పుకున్నట్టు.

ఇక మన సంగతి. ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి వైపు సోయా బాగానే వేస్తారు. అయితే జన్యుమార్పిడి సోయా సాగుకు భారత్‌లో అనుమతి లేదు. మన సోయా మీద డైకాంబా పడితే కలుపుతో పాటు సోయా కూడా పోతుంది. ఎవరైనా "అమెరికా మందు" అని అంటగట్టబోతే కొనకండి.

మన దగ్గర ఇదే తరహా నష్టం 2,4-డి అనే గడ్డి మందు వల్ల పత్తికి జరుగుతోంది. వరిలోనో మొక్కజొన్నలోనో కొట్టిన మందు పక్క పత్తికి సోకితే లేత ఆకులు చీలికలై సన్నగా సాగిపోతాయి, మొవ్వు వంకరపోతుంది. రైతు దాన్ని వైరస్ అనుకుని ఇంకో మందు కొడతాడు. ఈ మందు కొట్టిన పంపును ఎంత కడిగినా పత్తిలోకి తీసుకెళ్లకపోవడమే మంచిది. గడ్డి మందుకు వేరే పంపు పెట్టుకోండి. షాపులో 2,4-డి అడిగినప్పుడు డబ్బా మీద ఏ రకమో చూడండి. ఇథైల్ ఎస్టర్ రకం సోడియం సాల్ట్, అమైన్ సాల్ట్ రకాల కంటే త్వరగా ఆవిరవుతుంది. దగ్గర్లో పత్తి గానీ, టమాటా గానీ, ద్రాక్ష గానీ ఉంటే ఎస్టర్ డబ్బా తీసుకోకండి. పైరు పక్కవాళ్లదైనా సరే.